ఇంటి సర్వరు ఫ్యాన్ల మోత సాఫ్ట్‌వేరుతో తగ్గుతుందా? మన ఎండలకు ఏ లెక్క పెట్టాలి?

అడిగింది ఇదీ: శ్రీకాకుళంలో మేడ మీద గదిలో పాత ఐ5 డెస్క్‌టాప్‌ని ఇంటి సర్వరుగా నడుపుతున్నారు. డెబియన్, నాలుగు హార్డ్ డిస్కులు, ముందు రెండు, వెనక ఒకటి 120 మి.మీ. ఫ్యాన్లు. రాత్రి పక్కగదిలో పడుకోలేనంత మోత. నెట్‌లో దొరికిన సెట్టింగులు పెడితే జనవరిలో బాగానే ఉంది, ఏప్రిల్ వచ్చేసరికి మళ్ళీ రోజంతా ఫుల్ స్పీడే. సాఫ్ట్‌వేరుతో తగ్గించవచ్చా, తగ్గిస్తే డిస్కులకు ప్రమాదమా?

తగ్గించవచ్చండీ. ఫ్యాన్ల వైర్లు మదర్‌బోర్డుకే తగిలించి ఉంటే ఎల్ఎం-సెన్సర్స్, ఫ్యాన్‌కంట్రోల్ అనే రెండు ప్యాకేజీలతో పని అయిపోతుంది. కొత్తగా కొనాల్సిందేమీ లేదు. మీ సెట్టింగులు ఏప్రిల్‌లో పనికిరాకుండా పోవడానికి కారణం అవి చలి దేశాల లెక్కలు కావడమే. కేసు ఫ్యాన్లు ప్రాసెసర్ వేడిని కాదు, అన్నిటికన్నా వేడిగా ఉన్న డిస్కును చూసి తిరగాలి. కనీస వేగం ఎంత ఉండాలో రోహిణి కార్తె మధ్యాహ్నాన్ని బట్టి తేల్చాలి. ఈ రెండూ కుదిరితే డిస్కులకు ప్రమాదం లేదు.

నెట్‌లో దొరికే కర్వ్‌లలో, అంటే ఏ వేడికి ఎంత వేగమో చెప్పే పట్టీల్లో, చాలావరకు 25 డిగ్రీల దగ్గర మొదలై 40కి ఫుల్ స్పీడు అందుకుంటాయి. మేడ మీద గదిలో మే నెలలో గాలే 36, 37 ఉంటుంది. పగలంతా కాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. ఎన్ని ఫ్యాన్లు పెట్టినా డిస్కు గది గాలికన్నా చల్లబడదు. గాలి బాగా తగిలే డిస్కు కూడా గదికన్నా 6 నుంచి 10 డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. అంటే మే నెలలో 44, 45 చూపించడం మామూలే. 40కి ఫుల్ స్పీడు అని రాసిపెడితే ఫ్యాను తగ్గే సందే ఉండదు. తయారీదారులు చాలా హార్డ్ డిస్కులకు పై హద్దు 60 లేదా 65 అని ఇస్తారు. నేను 50 దాటనివ్వకుండా చూస్తాను. 45 చూసి కంగారు పడను.

ముందు వైర్లు చూడండి. పక్క తలుపు తీసి ఒక్కో ఫ్యాను వైరు ఎక్కడికి పోతోందో చేత్తో పట్టుకుని చూసుకోండి. పవర్ సప్లయ్ నుంచి నేరుగా వచ్చే పెద్ద నాలుగు రంధ్రాల మోలెక్స్ కనెక్టరుకు తగిలించిన ఫ్యానును ఏ సాఫ్ట్‌వేరూ తగ్గించలేదు. దానికి 12 వోల్టులు ఎప్పుడూ అందుతూనే ఉంటాయి. చవక రంగుల లైట్ల ఫ్యాన్లలో చాలావాటికి ఇదే ఏర్పాటు.

బోర్డుకే వెళ్తుంటే పిన్నులు లెక్కపెట్టండి. నాలుగు పిన్నుల ఫ్యానుకు 12 వోల్టులు ఎప్పుడూ అందుతాయి, నాలుగో పిన్ను మీద సెకనుకు 25,000 సార్లు వచ్చే పల్సుల వెడల్పును బట్టి వేగం మారుతుంది. దీన్నే పీడబ్ల్యూఎం అంటారు. మూడు పిన్నుల ఫ్యానుకు వేగం తగ్గాలంటే వోల్టేజీయే తగ్గాలి. మూడు పిన్నుల ఫ్యానును పీడబ్ల్యూఎం మోడ్‌లో ఉన్న హెడరుకు (బోర్డు మీద ఫ్యాను తగిలించే చోటు) పెడితే మీరు ఏ అంకె రాసినా అది ఫుల్ స్పీడులోనే తిరుగుతుంది. "సాఫ్ట్‌వేరు పనిచేయట్లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే. బయాస్‌లోకి, అంటే బోర్డు సొంత సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ హెడరును వోల్టేజీతో వేగం మార్చే డీసీ మోడ్‌కు మార్చండి.

ఒక్క హెడరుకు స్ప్లిటరు వేసి ఫ్యాన్లన్నీ తగిలించే ముందు ఫ్యాను మీది స్టిక్కరులో ఆంపియర్లు చూసి కూడండి. మామూలు హెడరు 1 ఆంపియరు దాకా ఇస్తుంది. 0.3 ఆంపియర్ల ఫ్యాన్లు మూడు పెడితే అంచుకు వచ్చేసినట్టే, పైగా తిరగడం మొదలెట్టే క్షణంలో ఇంకాస్త ఎక్కువ లాగుతాయి. రెండుతో ఆపండి.

తర్వాత బోర్డు మీద ఫ్యాన్లను, వేడిని చూసుకునే చిప్ దొరకాలి. ఎల్ఎం-సెన్సర్స్ వేసి, రూట్‌గా సెన్సర్స్-డిటెక్ట్ నడపండి. అది అడిగే ప్రశ్నలకు డిఫాల్ట్ జవాబులకు ఎంటర్ కొడుతూ పోతే చాలు. చివర్లో డ్రైవరు పేరు చెబుతుంది. నువోటాన్ చిప్ అయితే ఎన్‌సీటీ6775, ఐటీఈ చిప్ అయితే ఐటీ87. ఆ పేరును ఈటీసీ కింది మాడ్యూల్స్ ఫైలులో చేర్చకపోతే రీబూట్ అయ్యాక ఫ్యాన్లు మాయమైపోతాయి. ప్రాసెసరుకు ఇంటెల్ అయితే కోర్‌టెంప్, ఏఎండీ అయితే కే10టెంప్ వాటంతటవే వస్తాయి.

ఫ్యాన్‌కంట్రోల్ సెట్టింగులు తయారుచేసే పీడబ్ల్యూఎంకాన్ఫిగ్ నడిపితే "పీడబ్ల్యూఎం చేయగల సెన్సర్ మాడ్యూళ్ళు లేవు" అని వస్తోందంటే ఈ చిప్ డ్రైవరు లోడ్ కాలేదన్నమాట. కెర్నెల్ సందేశాలు చూపించే డీమెసేజ్‌లో చూడండి. ఏసీపీఐతో (బయాస్‌కూ కెర్నెల్‌కూ మధ్య ఉండే ఏర్పాటు) రిసోర్స్ గొడవ అని ఉంటే, ఆ చిప్‌ను బయాస్ కూడా వాడుకుంటోందని కెర్నెల్ వెనక్కి తగ్గింది. బూట్ లైన్‌లో "ఏసీపీఐ_ఎన్‌ఫోర్స్_రిసోర్సెస్=ల్యాక్స్" అని పెడితే లోడ్ అవుతుంది. ఇద్దరూ ఒకేసారి చిప్‌ను ముట్టుకుంటే తప్పుడు రీడింగులు రావచ్చు. అది పెట్టాక ఒక రోజంతా రీడింగులు గమనించి, ఫ్యాన్ల జోలికి తర్వాత వెళ్ళండి. వర్చువల్ మిషన్లు నడిపే ప్రాక్స్‌మాక్స్ లాంటివి వాడుతుంటే ఇదంతా హోస్ట్ మీదే, అంటే అసలు మిషన్ మీదే చేయాలి, వర్చువల్ మిషన్‌కు అసలు చిప్ కనబడదు.

డిస్కుల వేడికి డ్రైవ్‌టెంప్ మాడ్యూల్ లోడ్ చేయండి. 2020లో వచ్చిన 5.6 కెర్నెల్ నుంచి ఇది అందులోనే ఉంది. సాటా డిస్కుల వేడి సెన్సర్స్ కమాండులోనే కనిపిస్తుంది. పాత గైడుల్లో చెప్పే హెచ్‌డీడీటెంప్ కోసం వెతకకండి, డెబియన్ 12లో అది లేదు. యూఎస్‌బీ పెట్టెల్లోని డిస్కులు మామూలుగా డ్రైవ్‌టెంప్‌కు అందవు, వాటికి స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండు వాడాలి.

ఇప్పుడు పీడబ్ల్యూఎంకాన్ఫిగ్. ఇది ఏ పీడబ్ల్యూఎం ఏ ఫ్యానును తిప్పుతుందో తెలుసుకోడానికి ఒక్కో ఫ్యానును కాసేపు ఆపుతుంది. అందుకని తెల్లవారుజామున, డిస్కుల మీద పని లేనప్పుడు నడపండి. మధ్యాహ్నం రెండింటికి కాపీ జరుగుతుండగా వద్దు. నీళ్ళతో చల్లబరిచే కూలర్ ఉంటే దాని పంపు ఏ హెడరు మీద ఉందో ముందే తెలుసుకుని దాన్ని వదిలేయండి. ప్రాసెసర్ ఫ్యానును కూడా బయాస్‌కే వదిలేయమంటాను. బయాస్ ఆ పని బాగానే చేస్తుంది, పైగా మీ ప్రోగ్రాం ఆగిపోయినా చేస్తూనే ఉంటుంది.

వేగం 0 నుంచి 255 వరకు అంకెల్లో ఉంటుంది. 128 అంటే సగం వేగం అనుకోకండి, ఒక్కో ఫ్యానుకు ఒక్కోలా ఉంటుంది. పీడబ్ల్యూఎం1 లాంటి ఫ్యాను ఫైలులో 255, 200, 150, 120, 100, 80, 60 ఒక్కొక్కటీ రాసి, ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) ఎంత వచ్చిందో కాగితం మీద వేసుకోండి. పది నిమిషాల పని, తర్వాత చాలా ఊహాగానాలు తప్పుతాయి. వేగం సగానికి తగ్గితే మోత సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. అందుకే ఒక ఫ్యాను గట్టిగా తిరిగేకన్నా రెండు నెమ్మదిగా తిరగడం ఎప్పుడూ మేలు.

ఈ పరీక్షలో రెండు అంకెలు పట్టుకోవాలి. తిరుగుతున్న ఫ్యాను ఏ అంకె దగ్గర ఆగిపోతుందో దానికి కాస్త పైది మిన్‌స్టాప్. ఆగి ఉన్న ఫ్యాను ఏ అంకె ఇస్తే కదులుతుందో అది మిన్‌స్టార్ట్. కదలడానికి ఎప్పుడూ ఎక్కువ కావాలి. కొత్త ఫ్యాను 70కే కదిలినా మిన్‌స్టార్ట్ 100 పెట్టండి. బేరింగు పాతబడ్డాక, వానల్లో దుమ్ము తడిసి గట్టిపడ్డాక 70 చాలదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత జరిగినట్టు రోజుల తరబడి కరెంటు లేక, తేమలో ఊరికే ఉండిపోయిన మిషన్లకు ఈ జాగ్రత్త మరీ అవసరం. ఫ్యాను కదలక "ఊఁ" అని సన్నగా మూలుగుతూ ఉండిపోతే ఆర్‌పీఎం సున్నా చూపిస్తుంది, ఎవరూ చూడరు.

మీలాంటి గదికి నేను మొదట పెట్టే అంకెలు ఇవి: మిన్‌టెంప్ (ఇంతవరకు కనీస వేగమే) 38, మ్యాక్స్‌టెంప్ (ఇక్కడ ఫుల్ స్పీడు) 48, మిన్‌స్టాప్, మిన్‌పీడబ్ల్యూఎం (కనీస వేగం) రెండూ 95, మ్యాక్స్‌పీడబ్ల్యూఎం 255, ఇంటర్వల్ (ఎంతసేపటికోసారి చూడాలో) 30 సెకన్లు. డిస్కు 43కి చేరితే లెక్క ఇలా ఉంటుంది: 43లోంచి 38 తీస్తే 5, దాన్ని 255లోంచి 95 తీయగా వచ్చిన 160తో గుణించి, 10తో భాగించి, 95 కలిపితే 175. డిస్కు వేడి నెమ్మదిగా మారుతుంది కాబట్టి 10 సెకన్లకోసారి చూడక్కర్లేదు. ఇంటర్వల్ తక్కువైతే వేగం అస్తమానం కొద్దికొద్దిగా మారుతూ ఉంటుంది. ఒకే స్థాయిలో ఉండే మోతకన్నా మారే మోతే నిద్ర చెడగొడుతుంది.

95 సరిపోతుందా అన్నది పరీక్షించి తేల్చాల్సిందే. బాగా ఎండ కాసే రోజు మధ్యాహ్నం రెండింటికి, ఫ్యాన్‌కంట్రోల్ ఆపి, పీడబ్ల్యూఎం1_ఎనేబుల్ అనే ఫైలులో 1 రాసి (వేగం మన చేతికి వస్తుంది), పీడబ్ల్యూఎం1లో 95 రాసి వదలండి. నాలుగు డిస్కులనూ ఒకేసారి ఆపకుండా చదివించే పెద్ద పని పెట్టండి. డిస్కులన్నిటినీ మొదట్నుంచి చివరిదాకా సరిచూసే రెయిడ్ స్క్రబ్ అయితే సరిగ్గా సరిపోతుంది. గది థర్మామీటరు, డిస్కుల వేడి పదేసి నిమిషాలకు రాసుకుంటూ రెండు గంటలు చూడండి. అన్నిటికన్నా వేడి డిస్కు 50 లోపు నిలబడితే ఆ అంకె మంచిదే. దాటిపోతుంటే 105, 115 అని పెంచుకుంటూ పోండి. మధ్యలో ఉన్న డిస్కులే ఎక్కువ కాగుతాయి. కేసులో చోటుంటే డిస్కుకూ డిస్కుకూ మధ్య ఒక బే (డిస్కు పెట్టే అర) ఖాళీ వదిలితే రెండు మూడు డిగ్రీలు కలిసొస్తాయి.

ఇంత పట్టుగా చెప్పడానికి కారణం ఉంది. ఫ్యాన్‌కంట్రోల్‌ను మామూలుగా ఆపితే అది ఫ్యాన్లను బయాస్‌కు అప్పగించి వెళ్తుంది, అప్పగించలేకపోతే ఫుల్ స్పీడుకు పెడుతుంది. మెమరీ చాలక కెర్నెల్ దాన్ని చంపేస్తే మాత్రం ఆ పని చేసే అవకాశం దానికి ఉండదు. చిప్‌లో చివరిగా రాసిన అంకె అలాగే ఉండిపోతుంది. తెల్లవారి నాలుగింటికి 95 దగ్గర ఉండిపోయిన ఫ్యాను మధ్యాహ్నం మూడింటికి కూడా 95లోనే తిరుగుతుంది. ప్రాసెసర్ అయితే వేడెక్కగానే తనంతట తానే తగ్గుతుంది, మరీ ఎక్కువైతే మిషన్‌ను ఆపేస్తుంది. హార్డ్ డిస్కుకు అలాంటి కాపలా లేదు, కాగుతూనే పని చేస్తుంది. ఎండలో పరీక్షించిన కనీస వేగం ఉంటే ప్రోగ్రాం చచ్చిపోయినా డిస్కులు బతుకుతాయి. దానికి తోడు, ఫ్యాన్‌కంట్రోల్‌ను నడిపించే సిస్టమ్‌డీ సర్వీసు ఫైలులో ఎగ్జెక్‌స్టాప్‌పోస్ట్ దగ్గర పీడబ్ల్యూఎం విలువను 255 చేసే లైను ఒకటి రాయండి. సర్వీసు ఎలా పోయినా సిస్టమ్‌డీ ఆ లైను నడుపుతుంది. ఆగిపోతే తనంతట మళ్ళీ మొదలయ్యేలా రీస్టార్ట్ అని కూడా పెట్టండి.

ఫ్యాన్‌కంట్రోల్‌కు ఉన్న పెద్ద లోటు ఏమిటంటే ఒక ఫ్యానుకు ఒక్క వేడి రీడింగునే చూస్తుంది. నాలుగు డిస్కుల్లో ఎక్కువ ఏదో అది తేల్చదు. రెండు దారులున్నాయి. ఎండలో పరీక్షించినప్పుడు ఎప్పుడూ ముందుండే డిస్కు ఒకటి తేలుతుంది, దానికే కట్టేయడం తేలిక దారి. లేదా చిన్న షెల్ స్క్రిప్టు రాసుకోవడం: నాలుగు రీడింగులు చదివి, పెద్దది తీసుకుని, పై లెక్క కట్టి, పీడబ్ల్యూఎం1లో రాసేది. ఇరవై లైన్లు దాటదు. రాసేటప్పుడు జాగ్రత్తగా చూసుకోవాల్సినవి ఉన్నాయి.

రీడింగు 43000 అని వస్తుంది, డిగ్రీలో వెయ్యోవంతుల లెక్క. భాగించడం మరిచిపోతే ఫ్యాను ఎప్పుడూ ఫుల్.

సెన్సర్ చిప్‌లకు కెర్నెల్ ఇచ్చే హెచ్‌డబ్ల్యూమాన్ నంబర్లు రీబూట్‌కు మారిపోవచ్చు. నిన్న 2 అయిన చిప్ ఇవాళ 4 కావచ్చు. ఫ్యాన్‌కంట్రోల్ అయితే తేడా పట్టుకుని, కాన్ఫిగరేషన్ పాతబడిందని చెప్పి మొదలవకుండా ఆగిపోతుంది. మీ స్క్రిప్టుకు ఆ తెలివి మీరే ఇవ్వాలి. నంబరు రాసేయకండి, ప్రతి ఫోల్డరులో ఉండే నేమ్ అనే ఫైలు చదివి ఎన్‌సీటీ6775 వంశపు పేరు ఎక్కడుందో వెతికి పట్టుకోండి.

ఖాళీ రీడింగు. అన్నిటిలోకీ ప్రమాదం ఇదే. కేబుల్ వదులై ఒక డిస్కు మాయమైందనుకోండి. ఫైలు చదవబోతే ఏమీ రాదు, వేరియబుల్ ఖాళీగా ఉంటుంది. బ్యాష్‌లో ఖాళీ వేరియబుల్‌ను లెక్కల్లో వాడితే దాన్ని సున్నా అనుకుంటుంది, తప్పని కూడా చెప్పదు. సున్నా డిగ్రీలంటే చల్లగా ఉన్నట్టు, కాబట్టి ఎక్కువ వేడి లెక్కలోంచి ఆ డిస్కు జారిపోతుంది. కంట్రోలరే పోయి నాలుగూ ఖాళీగా వస్తే ఫ్యాను కనీస వేగానికే దిగిపోతుంది. అందుకని చదివినది అంకె అవునో కాదో, 10కీ 70కీ మధ్య ఉందో లేదో చూసి, కాకపోతే ఆలోచించకుండా 255 రాసేలా చేయండి. మోత వచ్చిందంటే ఏదో తేడా ఉందని ఇంట్లోవాళ్ళకు కూడా తెలుస్తుంది.

డిస్కులను నిద్రపుచ్చే అలవాటుంటే ఇంకో చిక్కు. కొన్ని డిస్కులకు వేడి చదవడమే పని అనిపించి, నిద్రకు వెళ్ళే టైమరు ప్రతిసారీ మొదటికి వస్తుంది, ఇక ఎప్పటికీ పడుకోవు. అలాంటప్పుడు ఇంటర్వల్‌ను డిస్కుల నిద్ర సమయం కన్నా ఎక్కువ పెట్టలేం కాబట్టి నా సలహా, నాలుగు డిస్కుల ఇంటి సర్వరులో నిద్రపుచ్చడమే మానేయండి.

గదిలో ఏసీ ఉంటే ఇంకో సంగతి. కరెంటు పోతే ఏసీ ఆగిపోతుంది, యూపీఎస్ మీద సర్వరు నడుస్తూనే ఉంటుంది. తలుపులు మూసిన చిన్న గది చకచకా వేడెక్కుతుంది. ఏసీ గదిలో ఉందని కర్వ్‌ను ఏసీకి తగ్గట్టు పెట్టకండి. స్క్రిప్టులో 52 దాటితే ఫోనుకు మెసేజ్, 57 దాటితే షట్‌డౌన్ పెట్టండి. అసలు వీలైతే సర్వరును మేడ మీద నుంచి కింది గదికి దించండి. ఏ సెట్టింగూ ఇవ్వలేని లాభం ఆ ఒక్క పనితో వస్తుంది.

కొందరు పాత సాస్ కంట్రోలర్ కార్డులు (సర్వర్లలో ఎక్కువ డిస్కులు తగిలించడానికి వాడేవి) కొని డిస్కులు పెంచుకుంటారు. వాటికి సొంత ఫ్యాను ఉండదు, ర్యాక్ సర్వరులోని గట్టి గాలిని నమ్ముకుని చేసినవి. కేసు ఫ్యాన్లు తగ్గించగానే డిస్కులు బాగానే ఉన్నా కార్డు హీట్‌సింక్ ముట్టుకోలేనంత కాగుతుంది, అప్పుడు డిస్కులు ఒక్కోటీ ఊడిపోతున్నట్టు ఎర్రర్లు వస్తాయి. హీట్‌సింక్ మీదికి ఒక 40 మి.మీ. ఫ్యాను విడిగా బిగించండి.

సెకండ్ హ్యాండ్ కంపెనీ మిషన్లు వేరే దారి. డెల్ ఆప్టిప్లెక్స్‌లో డెల్-ఎస్ఎంఎం డ్రైవరు పనిచేస్తుంది కానీ మూడు నాలుగు మెట్లే ఉంటాయి, బయాస్ మళ్ళీ లాక్కుంటూ ఉంటుంది. ఆర్720, ఆర్730 లాంటి డెల్ ర్యాక్ సర్వర్లకు, సర్వరులోని పర్యవేక్షణ చిప్‌తో మాట్లాడే ఐపీఎంఐటూల్‌తో రా కమాండు ఇవ్వాలి. హెక్స్‌లో 30 30 01 00 ఇస్తే ఫ్యాన్లు మన చేతికి వస్తాయి, 30 30 02 ఎఫ్ఎఫ్ 14 ఇస్తే 20 శాతం వేగం, 30 30 01 01 ఇస్తే తిరిగి ఆటోమేటిక్. డెల్ పర్యవేక్షణ చిప్ అయిన ఐడ్రాక్ 9లో 3.34 ఫర్మ్‌వేరు నుంచి ఈ దారి మూసేశారు. సూపర్‌మైక్రో బోర్డుల్లో నెమ్మది ఫ్యాన్లు పెడితే ఒక వింత కనిపిస్తుంది: ఆర్‌పీఎం కింది హద్దు దాటగానే ఫ్యాను చెడిపోయిందనుకుని బోర్డు అన్నిటినీ ఫుల్ చేస్తుంది, ఆర్‌పీఎం పెరగగానే తగ్గిస్తుంది, మళ్ళీ పెంచుతుంది. ఐపీఎంఐటూల్‌లోని సెన్సర్ థ్రెష్ కమాండుతో ఆ హద్దులను మీ ఫ్యాను కనీస వేగం కన్నా కిందికి దించితే ఆగుతుంది.

ఇక దుమ్ము. సాఫ్ట్‌వేరుకు ఆర్‌పీఎం తెలుస్తుంది గానీ గాలి ఎంత వస్తోందో తెలీదు. ఫ్యాను ముందుండే దుమ్ము వల మూసుకుపోయినా ఫ్యాను అదే వేగంతో తిరుగుతూ ఉంటుంది. నెల్లిమర్ల వైపు జనపనార మిల్లుల దగ్గరి ఇళ్ళల్లో సన్నని పీచు వల మీద దూదిలా పేరుకుంటుంది. పలాసలో జీడి బట్టీల పొగ ఆనే చోట జిడ్డు పట్టి దుమ్ము అతుక్కుపోతుంది, ఊదితే రాదు, సబ్బునీళ్ళతో కడిగి పూర్తిగా ఆరాకే పెట్టాలి. కళింగపట్నం, సోంపేట వైపు సముద్రపు గాలికి కనెక్టరు పిన్నుల మీద తుప్పు వస్తుంది, ఆర్‌పీఎం ఒక్కోసారి సున్నా చూపించి మళ్ళీ వస్తుంటే ముందు ఆ కనెక్టరును తీసి పెట్టి చూడండి. శుభ్రం చేసిన రోజు గది ఎంత, పీడబ్ల్యూఎం ఎంత, డిస్కు ఎంత ఉందో రాసిపెట్టుకోండి. అదే గది వేడికి, అదే పీడబ్ల్యూఎం దగ్గర డిస్కు 4 డిగ్రీలు ఎక్కువ చూపిస్తే వల తీసే రోజు వచ్చినట్టు. బ్లోయరుతో ఊదేటప్పుడు రెక్కలు వేలితో పట్టుకోండి, గాలికి ఫ్యాను దాని హద్దు మించి గిర్రున తిరిగితే బేరింగు పాడవుతుంది.